నల్లబొట్టు మీట

"ఫార్మాట్ కొట్టించా అమ్మాయ్, ఇప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తంది" అని బావ ఫోన్లో చెప్పినప్పుడు నరసరావుపేటలో నేను పనిచేసే కాలేజీ కంప్యూటర్ ల్యాబులో నిలబడి ఉన్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది. చుట్టూ విద్యార్థులున్నారని కూడా చూడకుండా "ఎవర్నడిగి కొట్టించావు?" అని అరిచాను. బావ నెమ్మదిగా, "నా ఇంట్లో కంప్యూటరుకి ఎవర్నడగాల?" అన్నాడు.

ఆయన ఇంట్లో ఉన్నమాట నిజమే. కానీ అది ఆయన కంప్యూటరు కాదు. మా అక్క నోరు.

లోపలున్నదంతా తుడిచేసి కొత్తగా వేసే ఈ ఫార్మాట్ అనే మాట మీద నాకున్న కోపం ఇవాళ్టిది కాదు. మా పల్నాడులో కంప్యూటరుకి ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే. ప్రింటరు కదల్లేదా, ఫార్మాట్. నెట్ నెమ్మదించిందా, ఫార్మాట్. మౌసు వైరు ఎలుక కొరికితే కూడా ఫార్మాట్ కొట్టించుకొచ్చిన మనిషిని నేనెరుగుదును. పిల్లాడికి తలంటు పోస్తే ఒళ్ళు తేలికపడ్డట్టు, ఒక్కసారి కొట్టిస్తే అన్నీ సర్దుకుంటాయని వీళ్ళ నమ్మకం. లోపల ఏముంది, ఎవరు పెట్టుకున్నారు, పోతే మళ్ళీ వస్తుందా అని షాపువాడు అడగడు, తీసుకెళ్ళినవాడు చెప్పడు. అంతా అయిపోయాక మాత్రం కొత్తగా ఉందని ఇద్దరూ మురిసిపోతారు.

అక్క నాకన్నా పదేళ్ళు పెద్దది. గురజాల పక్కన పల్లెలో ఉంటుంది. బావది మిరప, పత్తి వేసే వ్యవసాయం, దానికి తోడు ఊళ్ళో రాజకీయం. అక్క నోరు ఊరందరికీ తెలుసు. గట్టు మీద నిలబడి కూలీల్ని పిలిస్తే పక్క చేలో వాళ్ళు కూడా తలెత్తేవాళ్ళు. చెడ్డ నోరు కాదు, దాపరికం లేని నోరు. తప్పుంటే ముఖాన్నే చెప్పేది, ఆకలేసినవాణ్ణి తిట్టి మరీ కూర్చోబెట్టి అన్నం పెట్టేది. అట్లాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది. మెడ మీద ఊపిరి పీల్చుకోవడానికి చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. పెదాలు కదుపుతుంది, మాట రాదు.

మొదట్లో అందరూ ఏడ్చారు. తర్వాత అందరూ అలవాటు పడ్డారు. నా ఒళ్ళు మండించింది ఆ రెండోదే. అక్క ఎదురుగా కూర్చుని అక్క గురించి మాట్లాడేవాళ్ళు. "ఆమెకి వంకాయ పడదులే", "పెళ్ళికి ఆమెనెందుకు తీసకపోవటం, ఇబ్బంది పడిద్ది" అనేవాళ్ళు. ఆమె అక్కడే ఉంటుంది, చేతిలో పలక ఉంటుంది, రాసి చూపించేలోపు మాట ఇంకో వీధికి వెళ్ళిపోయి ఉంటుంది. పలక పైకెత్తి పట్టుకుని నిలబడ్డ అక్కని చూసి "అబ్బా, ఆగవే" అని బావ అనడం నేను నా చెవులతో విన్నాను. పలక మీద ఏం రాసుందో ఆయన చూడలేదు. నేను చూశాను. "పాలు పొంగుతన్నయ్" అని ఉంది. పాలు పొంగాయి, పొయ్యి ఆరింది, గ్యాసు వాసన వచ్చాక గానీ ఎవరూ లేవలేదు. అప్పుడు కూడా తిట్లు అక్క కోడలికి పడ్డాయి.

ఫోన్ ఇచ్చి చూశాం. మిరపకాయ తొడిమలు తీసీ తీసీ మొద్దుబారిన వేళ్ళు అక్కవి. ఆ అద్దం మీద ఒక అక్షరం నొక్కితే పక్కది పడేది. రాసింది పలికే యాప్ ఒకటి దొరికింది గానీ దానికి నెట్ ఉండాలి, వాళ్ళింట్లో వసారా దాటి లోపలికి నెట్ రాదు. వచ్చిన రోజున కూడా మాట మధ్యలో చీరల ప్రకటన మొదలయ్యేది. "నాకు కడుపులో" అని ఆగి, పట్టుచీరల మీద తగ్గింపు ఉందని చెప్పింది ఒకరోజు. అక్క ఫోన్ తీసి మంచం మీద గిరాటేసింది.

అప్పుడు గురజాలలో మూతపడుతున్న ఒక నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటరు, రెండు చిన్న స్పీకర్లు తెచ్చాను. అందులో లినక్స్ అనే సిస్టమ్ వేశాను. ఏదో ఉచితంగా వస్తుందని వెయ్యలేదు. అందులో ఏ తలుపుకీ తాళం ఉండదు. ఏ మీట నొక్కితే ఏం జరగాలో మనమే రాసి పెట్టుకోవచ్చు. రాసింది పైకి చదివే ప్రోగ్రాము నెట్ లేకుండా నడుస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. బావిలో దిగినవాడు పైకి కేకేసినట్టు చదువుతుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ చదువుతుంది.

అది పలకడానికి నా ప్రాణం తోడేసింది. మొదట శబ్దం అసలు రాలేదు. స్పీకర్లు ఒకచోట తగిలిస్తే, ఆ మిషను మాటని మానిటరు వైరులోకి పంపుతోంది. మానిటరుకి స్పీకరే లేదు. తర్వాత తెలుగు అక్షరాలు విడివిడిగా, గుణింతాలు ఊడిపోయి, చుక్కల సున్నాలతో కనపడ్డాయి. ఇంటర్నెట్లో అడిగితే ఒకాయన ముందు డాక్యుమెంటేషన్ చదువుకోమని సలహా ఇచ్చాడు. ఇంకొకాయన ఇంగ్లీషులో టైపు చేసుకుంటే ఏ గొడవా ఉండదు గదా అన్నాడు. ఏడో తరగతి తెలుగు మీడియంలో ఆపేసిన మా అక్క ముందు కూర్చుని ఆ మాట అనమనండి చూద్దాం. మన భాష దగ్గరికి వచ్చేసరికి ప్రపంచంలో ప్రతివాడికీ సులభమైన ఉపాయం ఒకటి ఉంటుంది, మన భాష మానెయ్యడం. పళ్ళు నూరుకుంటూ ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయాను.

చివరికి నోరు విప్పింది. "ఏమే, టీ తాగుతావా" అంది. మగ గొంతు! లారీ డ్రైవరు టీ అడిగినట్టుంది. కోడలు పమిట నోట్లో కుక్కుకుంది. అక్క ముందు బిత్తరపోయి, తర్వాత భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆపరేషన్ తర్వాత అక్క అట్లా నవ్వడం నేను చూడటం అదే మొదలు. సెట్టింగుల్లో వెతికి ఆడగొంతు పెట్టాను. వేగం దగ్గర మళ్ళీ పేచీ. అక్క మాట్లాడే వేగానికి ఆ మిషను నోట్లో మాటలు ముద్దయిపోయేవి. తగ్గిస్తే అక్క ససేమిరా అని తల అడ్డంగా ఊపేది. ముద్దయినా సరే వేగమే కావాలంది, అదే ఉంచాను.

తెలుగు అక్షరాలున్న కీబోర్డు నరసరావుపేటంతా తిరిగినా దొరకలేదు. గాయాలకి వేసే తెల్ల ప్లాస్టరు ముక్కలు కత్తిరించి మీటల మీద అంటించాం. వాటి మీద మార్కరుతో అక్కే రాసుకుంది. అ, ఆ, క, ఖ, గుండ్రటి అక్షరాలు, బళ్ళో కాపీ రాసినట్టు. పై వరసలో ఎఫ్ అని ఉండే మీటలకి రోజూ వాడే మాటలు ఒక్కొక్కటి పెట్టాను, ఒక్క నొక్కుతో పలికేటట్టు. ఏది ఏ మాటో గుర్తుండటానికి అక్క తన పెట్టెలోంచి స్టిక్కర్ బొట్లు తెచ్చి అంటించింది. ఎర్రబొట్టు నొక్కితే, "ఇదిగో, నిన్నే, వినపడట్లా?" పచ్చబొట్టుకి, "చెప్పులు బయట విడువు." మెరూన్ బొట్టుకి, "అన్నం తిన్నావా?" చివర్న పెద్ద నల్లబొట్టు. దానికేం మాట పెట్టమంటావని అడిగితే ఆలోచించకుండా టైపు చేసింది. "నేను ఒప్పుకోను."

"ఇదెందుకే?" అన్నాను.

"దాంతోనే పని పడిద్ది" అంది మిషనుతో.

కొన్నాళ్ళు బావ తెగ మురిసిపోయాడు. వచ్చినవాళ్ళందర్నీ ముందు గదిలోకి తీసుకెళ్ళి, "మా మరదలు చేసింది, వినండి" అని అక్కతో మాట్లాడించేవాడు. బాగున్నారా, కాఫీ తాగండి లాంటి మాటలు పలికినంతకాలం ఆయనకి అది ముచ్చటగానే ఉంది.

ఒకరోజు ఆయన పార్టీవాళ్ళు వసారాలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఎలక్షన్లయ్యేదాకా మీ ముందు గది మా ఆఫీసుకి ఇవ్వమని అడిగారు. అక్క కూర్చునే గది అది, కంప్యూటరున్న గది. బావ అక్క వైపు కూడా చూడకుండా, "దానికేముంది, తీసుకోండి" అన్నాడు. లోపల్నుంచి గట్టిగా వినపడింది, "నేను ఒప్పుకోను." కుర్చీల్లో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. "మీ ఇంట్లో ప్రతిపక్షం గట్టిదే" అన్నాడట ఒకడు. బావ కూడా నవ్వాడు గానీ ముఖంలో నెత్తురుచుక్క లేదని కోడలు చెప్పింది. గది మాత్రం వాళ్ళకి ఇవ్వలేదు.

ఆ తర్వాత నుంచి కంప్యూటరుకి కొత్త జబ్బు పట్టుకుంది. "సౌండు రావట్లేదు చిన్నత్తయ్యా" అని కోడలు ఫోన్ చేసేది. పిడుగురాళ్ళ మీదుగా బస్సులో, కిటికీలోంచి కొట్టే సున్నం దుమ్ము ముఖాన పూసుకుంటూ వెళ్ళేదాన్ని. సెట్టింగులన్నీ గాలించాను. సౌండు నడిపే డ్రైవరు ప్రోగ్రాము తీసి మళ్ళీ వేశాను. మిషను తన మటుకు తాను మాట్లాడుతున్నాననే చెబుతోంది, తెర మీద శబ్దం గీతలు ఎగురుతున్నాయి, చెవికి మాత్రం ఏమీ వినపడదు. అన్నీ అయ్యాక చెయ్యి తగిలి చూస్తే, స్పీకరు మీద శబ్దం పెంచి తగ్గించే గుండ్రటి బొత్తం మొత్తం కిందికి తిప్పేసి ఉంది. తుడిచేటప్పుడు తిరిగి ఉంటుందనుకున్నాను. ఇంకోసారి వెళ్ళినా అదే. గుడ్డ అన్నిసార్లు ఒకే వైపుకి తిప్పుతుందా అని అనుమానం వచ్చింది గానీ, అక్క వైపు చూస్తే అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది.

దసరా అయిన మర్నాడో ఆ పై రోజో వచ్చింది ఆ ఫార్మాట్ ఫోను. ల్యాబు తాళాలు పక్కవాళ్ళకిచ్చి బస్సెక్కాను.

వెళ్ళేసరికి ముందు గదిలో కంప్యూటరు వెలుగుతోంది. తెర మీద మంచు కొండల బొమ్మ, పక్కన కార్ల ఆట. అందరి దగ్గరా ఉండే సిస్టమ్, అదీ దొంగ కాపీ. తెలుగు లేదు, చదివే ప్రోగ్రాము లేదు, అక్క మాటలు లేవు. మాటలున్న డిస్కు మొత్తం తుడిచేసి దాని మీద కొత్తది పరిచారు. కీబోర్డు కూడా మార్చారు. నల్లగా మెరుస్తోంది, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ప్లాస్టరు ముక్కలూ లేవు, బొట్లూ లేవు. అక్క పెరట్లో కిందటేటి మిరపకాయలు ముందేసుకుని, నా వైపు వీపు పెట్టి తొడిమలు తీస్తోంది. "అక్కా" అని పిలిచాను. తిరగలేదు. ముందుకెళ్ళి కూర్చున్నాను. పలక చేతికిస్తే తీసుకుని పక్కన బోర్లా పెట్టింది. అది చూశాక నాకు ఏడుపు రాలేదు, చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది.

"ఏం జరిగిందో నువ్వు చెప్పు" అని కోడల్ని నిలదీశాను.

దసరా నాడు ఇంట్లో ఉన్న ప్రతి మిషనుకీ పూజ చెయ్యడం వాళ్ళింటి ఆనవాయితీ. ట్రాక్టరు, బోరు మోటారు, మందు కొట్టే స్ప్రేయరు, అన్నిటికీ పసుపు నీళ్ళు చల్లి, కుంకుమ పెట్టి, బంతిపూలు చుడతారు. "దీనికి మాత్రం ఏం తక్కువ" అని బావే మామిడాకులు పసుపు నీళ్ళలో ముంచి కంప్యూటరు మీద చల్లాడు. పెద్ద చెయ్యి ఆయనది. కీబోర్డు నిండా పడ్డాయి. కోడలు అంతకుముందే దుమ్ము దులుపుతూ స్పీకరు బొత్తం పైకి తిప్పి ఉంచింది, పండగ నాడైనా అత్తయ్య మాట వినపడనీ అని. ఇరుగు పొరుగు, పార్టీవాళ్ళు అందరూ ప్రసాదానికి వచ్చి నిలబడ్డారు. బావ హారతి పళ్ళెం ఎత్తాడు.

తడి దిగి నల్లబొట్టు మీట అతుక్కుపోయింది. నేను ఒప్పుకోను, నేను ఒప్పుకోను, నేను ఒప్పుకోను, నేను ఒప్పుకోను. ఆగదు. బావ హారతి తిప్పుతుంటే అది అంటూనే ఉంది. అక్క రెండు చేతులూ ఊపుతూ నేను కాదు, నేను కాదు అని సైగలు చేసిందట. చూసినవాళ్ళు లేరు, అందరూ నవ్వుతున్నారు. బావ పళ్ళెం కింద పెట్టి ప్లగ్గు ఊడబీకాడు. మర్నాడు పొద్దున్నే దాన్ని ఆటోలో వేసుకుని గురజాల పోయాడు.

కీబోర్డులో నీళ్ళు పడ్డాయి. అంతే. ఎండలో పెడితే ఆరిపోయేది. ఆరకపోతే కొత్త కీబోర్డు తగిలిస్తే పోయేది. కీబోర్డు తడిస్తే డిస్కు ఎందుకు తుడిచారు? ఆ ప్రశ్న నోట్లో పెట్టుకునే షాపుకి పోయాను.

షాపాయన చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేసి, "చెప్పండి మేడమ్" అన్నాడు. అడిగాను.

"సార్ చెప్పారు మేడమ్, అది మాట్లాడకుండా చేసి ఇమ్మన్నారు. అందులో ఏదో వింత ఓఎస్ ఉంది, మాకు తెలవదు. మాట్లాడేదొక్కటీ ఎట్టా తియ్యాలో అర్థం గాలా. అందుకని మొత్తం లేపేశాం."

మాట్లాడకుండా చేసి ఇమ్మన్నారు.

"మీ ఇంట్లో మీ అమ్మ ఎక్కువ మాట్లాడుతోంది, మాట్లాడకుండా చేసి ఇమ్మని నేనొచ్చి అడిగితే చేసిస్తావా?" అన్నాను. ఆయన తెల్లబోయాడు. "అది ఆటల పెట్టె కాదయ్యా, గొంతు లేని మనిషి మాట్లాడుకునే మిషను. ఒక్క మాట అడగాలి గదా, లోపలున్నది ఎవరిదని! ఒక్క మాట!" రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. ఆయన లేచి లోపలికెళ్ళి, విరిగిన ఫ్యాన్లు, తెగిన వైర్ల కుప్పలోంచి మా కీబోర్డు వెతికి తెచ్చాడు. పసుపు మరకలతో, అక్క చేతిరాతతో, బొట్లతో అట్లాగే ఉంది. నల్లబొట్టు మాత్రం ఊడిపోయింది.

ఇంటికొచ్చేసరికి బావ వసారాలో కూర్చుని ఉన్నాడు. కీబోర్డు ఆయన ముందు పెట్టాను.

"మాట్లాడకుండా చెయ్యమన్నావంటగా బావా."

"ఊళ్ళో నవ్వుతన్నారమ్మాయ్" అన్నాడు తల వంచుకుని. "నన్ను చూస్తే చాలు, నేను ఒప్పుకోను అంటన్నారు. అయినా ఇప్పుడు లోటేముంది? తను సైగ చేస్తే మాకు తెలిసిపోయిద్ది. మేం అలవాటు పడ్డాం గదా."

"మీరు పడ్డారు బావా, అక్క పడలా!" నా అరుపుకి కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నువ్వు అలవాటు పడితే సరిపోద్దా? మీటింగులో మైకు ఆగిపోతే ఎంత గోల చేస్తావు నువ్వు? జనరేటరు తెమ్మని, ఆపరేటర్ని తిడతావే! ఈమెకి ఉన్నదే ఆ ఒక్క మైకు. దాన్ని నీ చేతులతో ఆటోలో వేసుకుపోయి తుడిపించుకొచ్చి, బ్రహ్మాండంగా పనిచేస్తందని నాకు ఫోన్ చేస్తావా?"

జవాబు చెప్పించుకోడానికి నేను ఆగలేదు. లోపలికెళ్ళి నా పెన్‌డ్రైవు గుచ్చి మొదట్నుంచీ మొదలుపెట్టాను.

కోపంలో ఉన్నప్పుడు మిషన్లు కూడా ఎగతాళి చేస్తాయి. పెన్‌డ్రైవు నుంచి కంప్యూటరు లేవనంది. షాపువాళ్ళు లోపలి సెట్టింగులు మార్చారు, వాటిని వెతికి మార్చాను. మళ్ళీ మానిటరు వైరు, మళ్ళీ గుణింతాలు, మళ్ళీ లారీ డ్రైవరు గొంతు. అన్నీ ఒకసారి పడ్డ తిప్పలే కాబట్టి ఒక్కొక్కటి దారికొచ్చాయి. పాత కీబోర్డు తుడిచి, అప్పటికే ఎండలో ఆరబెట్టి ఉంచాను, మీటలు కదులుతున్నాయి. తర్వాత ఎఫ్ మీటలకి మాటలు పెట్టడానికి కూర్చున్నాను. ఎర్రబొట్టు గుర్తుంది, మెరూన్ గుర్తుంది. "పచ్చబొట్టు మాటేంది?" అని నాలో నేను గొణుక్కున్నాను.

"చెప్పులు బయట విడువు" అంది గుమ్మం దగ్గర్నుంచి ఒక గొంతు. బావ. ఆయన చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి. నేను తలెత్తలేదు. మిగిలిన బొట్ల మాటలు కూడా ఆయనే ఒక్కొక్కటిగా చెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు. అన్నీ ఆయన తిన్న తిట్లే మరి. నల్లబొట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. నేనూ అడగలేదు.

అంతా సిద్ధమయ్యాక ఎర్రబొట్టు నొక్కాను. తెర మీద శబ్దం గీతలు ఎగిరాయి. చెవికేమీ వినపడలేదు. ఈసారి సెట్టింగుల జోలికి పోలేదు, తిన్నగా స్పీకరు దగ్గరికి పోయాను. బొత్తం మొత్తం కిందికి ఉంది. కంప్యూటరు షాపు నుంచి తిరిగొచ్చాక, మాటే లేని మిషనుకి కూడా ఎవరో బొత్తం తగ్గించి పెట్టారు.

"ఎవరు తిప్పారు?" అన్నాను. బావ కోడలి వైపు చూశాడు. కోడలు బావ వైపు చూసింది.

అప్పుడు వచ్చింది అక్క. పెరట్లోంచి చేతులు కడుక్కుని, తడిని చీరకి తుడుచుకుంటూ వచ్చి, నన్ను భుజం మీద తట్టి లేపి కుర్చీలో కూర్చుంది. నేను బొత్తం పైకి తిప్పాను. ఆమె ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ టైపు చేసింది.

"అందరూ" అంది మిషను. "ఒకసారి ఒకళ్ళు, ఒకసారి ఇంకొకళ్ళు. టీవీ చూసేటప్పుడు. ఫోను మాట్లాడేటప్పుడు. నేను చూస్తానే ఉన్నా."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క పండగ నాడు పైకి తిప్పిన పిల్ల, మిగతా రోజుల్లో ఏం చేసిందో ఆ పిల్లకే తెలుసు. బావ గోడ వైపు తిరిగాడు. నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు, అందుకని కోపం ఇంకా పెరిగింది. వెళ్ళి ఆ బొత్తం చివరిదాకా పైకి తిప్పి, గోళ్ళతో పట్టుకుని లాగాను. పాత స్పీకరు, ఊడి చేతిలోకొచ్చింది. లోపల సన్నటి ఇనప పుల్ల మిగిలింది, వేళ్ళతో తిప్పుదామంటే పట్టు దొరకదు. పట్టకారుతో తిప్పొచ్చు. కానీ పట్టకారు పట్టుకుని వచ్చేవాడు అందరికీ కనపడతాడు.

బొత్తం అక్క చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత కొంగు చివర పెట్టి గట్టిగా ముడేసి నడుములో దోపుకుంది. లోపలికెళ్ళి తన పెట్టెలోంచి నల్లబొట్ల అట్ట తెచ్చి, అందులో అన్నిటికన్నా పెద్దది తీసి ఖాళీగా ఉన్న మీట మీద అంటించి వేలితో అదిమింది. దానికి మాట నేను పెట్టాను. ఏ మాటని అడగలేదు, ఆమె చెప్పలేదు.

నేను బయల్దేరే లోపే సాయంత్రం పార్టీవాళ్ళు వచ్చారు. మిషను మూగబోయిందని వాళ్ళకి కబురు అంది ఉంటుంది, మళ్ళీ ముందు గది మాట ఎత్తారు. బావ ఏమీ చెప్పకుండా లేచి గది గుమ్మం దాకా వచ్చాడు. బొత్తం లేని స్పీకరు చూశాడు. అక్క నడుములో ముడి చూశాడు. ఎప్పుడూ వినని గొంతుతో అడిగాడు.

"వాళ్ళు పోయిందాకా... కాస్త తగ్గిస్తావా?"

అక్క ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. అడిగినందుకు ఒకసారి తల ఊపింది. తర్వాత నల్లబొట్టు నొక్కింది. ఆ మాట గది దాటి, వసారా దాటి, వీధిలోకి పోయింది.

ఈసారి కుర్చీల్లో ఎవరూ నవ్వలేదు.